హుజూర్‌నగర్ ఎమ్మెల్యే మఖ్దూం

ఏటా రెండు తేదీల్లో నాకు తప్పనిసరిగా పని పడుతుంది. ఫిబ్రవరి 4, ఆగస్టు 25. మొదటిది మఖ్దూం మొహియుద్దీన్ పుట్టినరోజు, రెండోది పోయినరోజు. ఉర్దూ పత్రికలో ఉన్నన్నాళ్ళు ఆ రోజుల్లో నన్ను అడిగింది ఒకటే: "ఒక మంచి గజల్ పెట్టు, ఫోటో పెట్టు, సినిమా పాటల సంగతి మర్చిపోకు." తెలుగు పత్రికకు మారాక అడిగింది ఇంకొకటి: "సాయుధ పోరాటం, కార్మిక సంఘాలు, నిజాంను ఎదిరించిన సంగతి రాసెయ్. నీకు ఉర్దూ వచ్చు కదా, ఒకటి రెండు షేర్లు కూడా." పదిహేనేళ్ళకు పైగా రెండూ రాశాను. అక్కడ షాయర్‌ని చేశాను, ఇక్కడ కామ్రేడ్‌ని చేశాను. ఒకసారి మాత్రం, ఎందుకనిపించిందో, "హుజూర్‌నగర్ ఎమ్మెల్యే మఖ్దూం" అని శీర్షిక పెట్టి తెలుగు డెస్కుకు ఇచ్చాను. మర్నాడు పేపర్లో "విప్లవ కవి మఖ్దూం" అని వచ్చింది. ఎమ్మెల్యే సంగతి ఉన్న పేరా స్థలం చాలక పోయిందన్నారు. కోపం రాలేదు. డెస్కులో ఉన్న కుర్రాడికి అది ముఖ్యమైన సంగతని అనిపించలేదు, అంతే. నాకు అనిపించడానికైనా అన్నేళ్ళు ఎందుకు పట్టిందో చూసుకుందామనే ఇది రాస్తున్నాను.

తెలుసుకోవలసిన వాస్తవాలు కొన్నే. మఖ్దూం 1908లో మెదక్ జిల్లా అందోల్‌లో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోతే చిన్నాన్న పెంచాడు. మసీదు ఊడ్చి, నీళ్ళు నింపిన పిల్లవాడు ఉస్మానియాలో ఉర్దూ ఎమ్మే చేసి సిటీ కాలేజీలో పాఠాలు చెప్పాడు. ఆ ఉద్యోగం వదిలి పార్టీలోకి, కార్మిక సంఘాల్లోకి వచ్చాడు. 1944లో తొలి కవితా సంపుటం 'సుర్ఖ్ సవేరా' వచ్చింది. 1947 సెప్టెంబర్ 11న నిజాం మీద సాయుధ పోరాటానికి పిలుపిచ్చిన ముగ్గురి పేర్లు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్. అజ్ఞాతవాసం, జైలు అయ్యాయి. 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించారు. 1952లో తొలి సాధారణ ఎన్నికలు వచ్చాయి. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టులు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేశారు. మఖ్దూం హైదరాబాద్ నగరంలో నిలబడి కాంగ్రెస్ చేతిలో ఓడిపోయాడు. తర్వాత నల్లగొండ జిల్లా హుజూర్‌నగర్‌లో జరిగిన ఉప ఎన్నికలో గెలిచి శాసనసభకు వెళ్ళాడు. 1958లో ఆంధ్రప్రదేశ్‌కు శాసనమండలి ఏర్పడింది. ఆయన ఆ మండలి సభ్యుడిగా, ప్రతిపక్షం బెంచీల మీద, 1969 ఆగస్టు 25న ఢిల్లీలో గుండె ఆగి చనిపోయేదాకా ఉన్నాడు.

ఈ వరసలో ఒక్క వాక్యం దగ్గర ఆగుదాం. నగరంలో ఓడిపోయాడు, హుజూర్‌నగర్‌లో గెలిచాడు.

నగరం ఆయనది. ఆయన భాష నగరంలో ఉంది. ముషాయిరాలో ఆయన లేచి నిలబడితే జనం తామే గజల్ అందుకునేంత ప్రేమ నగరంలో ఉంది. ఆయన పాఠం విన్న పిల్లలు, ఆయన సంఘాలు కట్టించిన కార్మికులు నగరంలో ఉన్నారు. హుజూర్‌నగర్‌లో ఏముంది? కృష్ణా తీరానికి దగ్గరి తెలుగు పల్లెలు. ఊరికి మూడు ఇళ్ళో, ఐదు ఇళ్ళో తురకలు. ఉర్దూ కవిత్వం ఒక్క ముక్క అర్థంకాని రైతులు, కూలీలు, గొల్లలు, గౌండ్లు, మాలమాదిగలు. వాళ్ళు ఓటేసి గెలిపించారు. ఎప్పుడు? 1948 సెప్టెంబర్ గడిచి నాలుగైదేళ్ళయినా కాకముందు.

ఆ నాలుగైదేళ్ళంటే ఏమిటో మనకు తెలుసు. అంతకు ముందు రజాకార్లు నల్లగొండ, వరంగల్ పల్లెల్లో చేసిన దారుణాలు అబద్ధం కావు. ఆ తర్వాత పోలీస్ యాక్షన్‌లో ముస్లింల మీద జరిగిన ఊచకోత కూడా అబద్ధం కాదు. నెహ్రూ ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని లెక్క కట్టింది. ఆ నివేదిక జనం చేతికి వచ్చేసరికి 2013 అయింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో జరిగినంత ఘోరం తెలుగు జిల్లాల్లో జరగలేదు. నల్లగొండలో ఎందుకు జరగలేదో చెప్పడానికి సంఘం ఒక కారణం. దేశ్‌ముఖ్ వేరు, పక్కింటి తురకాయన వేరు అని పల్లెకు నేర్పింది సంఘమే. విసునూరు దేశ్‌ముఖ్ మీద కోర్టులో గెలిచి, ఆ గెలుపుకే ప్రాణం ఇచ్చిన షేక్ బందగీ కథ 'మాభూమి' నాటకమై ఊరూరా ఆడింది. సైతాను ఎవరో, బాధితుడు ఎవరో పేర్లను బట్టి తెలియదని చూసినవాళ్ళకు అర్థమయింది.

మా నానా వాళ్ళది ఆ తాలూకాలో ఒక పల్లె. నాల్‌బంద్ పని. ఎడ్లకు నాడాలు కొట్టేవాడు. పోలీస్ యాక్షన్ నాటి రెండు రాత్రులు ఇంటిల్లిపాదీ ఒక గొల్లాయన గొర్రెల కొట్టంలో తలదాచుకున్నారు. ఆ సంగతి నానా పెద్దగా చెప్పేవాడు కాదు, నానీ చెప్పేది. నానా చెప్పింది ఓటు సంగతి. ఊళ్ళో ఎవరికీ మఖ్దూం అనే పేరు నోరు తిరిగేది కాదట. "మగ్దుం సాయిబు" అన్నారట. పోలింగ్ నాడు ఆ గొల్లాయనే వచ్చి, "మీ సాయిబుకు మేం ఏస్తున్నం, నువ్వు ఇంట్ల కూసుంటే ఎట్ల?" అని నానాను బండెక్కించాడట. ఈ మాట నానా డెబ్భై ఏళ్ళు దాటాక కూడా నవ్వుతూ చెప్పేవాడు. "మీ సాయిబుకు మేం ఏస్తున్నం." నాకు తెలిసిన రాజకీయ శాస్త్రమంతా ఈ మాట ముందు చిన్నదైపోతుంది. మీ వాడు అనడం మానలేదు. మా ఓటు ఇవ్వడమూ మానలేదు. నువ్వు మాలో కలిసిపో, పేరు మార్చుకో, నమాజు మానుకో అనలేదు. మేము నీ వాడిని గెలిపిస్తున్నాం, నువ్వు కూడా రా అన్నాడు.

కామ్రేడ్లు ఇక్కడ అడ్డం పడతారు. అది మఖ్దూం గెలుపు కాదు, పార్టీ గెలుపు, నల్లగొండలో ఆనాడు పీడీఎఫ్ ఎవరిని నిలబెట్టినా గెలిచేవారు అంటారు. రావి నారాయణరెడ్డికి నల్లగొండ పార్లమెంటు స్థానంలో నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చిన కాలం అది, నిజమే. ఒప్పుకుంటాను. కానీ ఎవరిని నిలబెట్టినా గెలిచే చోట ముస్లింను నిలబెట్టడమే కదా రాజకీయం! గెలవని చోట నిలబెట్టి, ఓడిపోయాక "మీకు టికెట్ ఇచ్చాం కదా" అనడం మనకు ఆ తర్వాత డెబ్భై ఏళ్ళుగా తెలిసిన రాజకీయం. పాతబస్తీలో మజ్లిస్ మీదికి ఒక బలిపశువును పంపి లెక్క సరిపెట్టుకోని పార్టీ ఏది? గ్యారంటీ సీటు ఇచ్చిన పార్టీని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. 1952 నాటి ఆ పని చేసినందుకు కమ్యూనిస్టు పార్టీకి దక్కవలసిన గౌరవం వాళ్ళే తీసుకోకుండా, ఆయన పేరు హిమాయత్‌నగర్ భవనానికి పెట్టి ఊరుకున్నారు.

మరి నగరం ఎందుకు ఓడించింది? ఇది మనం మనల్ని అడగవలసిన ప్రశ్న. 1952 నాటి హైదరాబాద్ ముస్లిం ఏ స్థితిలో ఉన్నాడు? 1949లో జాగీర్లు పోయాయి. ఆ జాగీర్ల మీద బతికిన నౌకర్లు, గుమాస్తాలు, వంటవాళ్ళు వీధిన పడ్డారు. నిజాం ఫౌజు రద్దయింది. సర్కారీ దఫ్తర్లలో ఉద్యోగాలు ఊడిపోయాయి. ఉస్మానియాలో ఉర్దూ మీడియం పోయింది. జిల్లాల నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన కుటుంబాలు బస్తీల్లో ఇరుక్కున్నాయి. ఆ మనిషికి ఓటు అంటే రక్షణ రసీదు. ఢిల్లీలో, హైదరాబాద్‌లో రాజ్యం ఎవరిదో వాడికి వేసి, రసీదు దాచుకున్నాడు. కాంగ్రెస్‌కు వేయడం భయంతో చేసిన పని. దానిలో ప్రేమ లేదు, సిగ్గు పడవలసిందీ లేదు. మఖ్దూం గజల్‌కు వహ్వా అన్న నోరు, ఆయన ఎర్రజెండాకు మాత్రం తాళం వేసుకుంది. ఇదే జనం పదేళ్ళు తిరిగేసరికి కాంగ్రెస్‌ను వదిలింది. 1962లో పత్తర్‌గట్టిలో మంత్రి మాసుమా బేగంను ఓడించి మజ్లిస్ సలాహుద్దీన్ ఒవైసీ అసెంబ్లీకి వెళ్ళాడు. రసీదు చెల్లలేదని అర్థమైనాక వేరే కొట్టుకు పోయారు.

ఆ పదేళ్ళే నాకు ముఖ్యం. 1952, 1962 మధ్య మన రాజకీయం హుజూర్‌నగర్ దారి పట్టవలసింది, పత్తర్‌గట్టి దారి పట్టింది. ఈ మలుపులో మఖ్దూం ఎక్కడున్నాడు?

మొదట సభ సంగతి చూద్దాం. 1952 నాటి హైదరాబాద్ శాసనసభ ఒక విచిత్రమైన సభ. 175 మంది. తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతాల నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళందరికీ ఉమ్మడిగా అర్థమయ్యే భాష ఉర్దూ, లేదా ఉర్దూ కలిసిన హిందుస్తానీ. బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి. ఆయనకు ఉర్దూ, ఫార్సీ కూడా కొట్టినపిండి. అవతలి బెంచీల మీద ఉర్దూ షాయర్. భూమి సంగతి ఈ సభలోనే తేలాలి. 1950 నాటి కౌలుదారీ చట్టానికి 1954లో సవరణలు వచ్చాయి. రక్షిత కౌలుదారు అనే మాట పల్లె రైతు నోటికి వచ్చింది ఈ కాలంలోనే. పోరాటంలో తుపాకీ పట్టి అడిగింది, సభలో క్లాజుల వారీగా అడగవలసిన కాలం. ఆ సభలో ఉర్దూ పరాయి భాష కాదు, ముస్లిం సభ్యుడు వింత మనిషి కాదు. రాష్ట్రంలో వందకు పన్నెండు మందికి దగ్గరగా ముస్లింలు. వాళ్ళు ఎలాంటి భయంలో ఉన్నా, సంఖ్యగా, భాషగా ఒక బరువు ఉంది.

ఆ బరువు 1956 నవంబర్ 1న కరిగిపోయింది. మరాఠ్వాడా బొంబాయికి పోయింది. కన్నడ జిల్లాలు మైసూరుకు పోయాయి. మిగిలిన తెలంగాణ ఆంధ్రలో కలిసింది. భాషా ప్రయుక్త రాష్ట్రాలు తెలుగువాడికి, మరాఠీకి, కన్నడిగుడికి ఇల్లు ఇచ్చాయి. ఉర్దూవాడి ఇల్లును మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో అతన్ని అద్దెకు ఉంచాయి. కొత్త రాష్ట్రంలో ముస్లింలు ఏడెనిమిది శాతం. విశాలాంధ్ర కోసం అందరికంటే గట్టిగా గొంతెత్తింది కమ్యూనిస్టు పార్టీ. పుచ్చలపల్లి సుందరయ్య 'విశాలాంధ్రలో ప్రజారాజ్యం' అని పుస్తకమే రాశాడు. ఆ ప్రజారాజ్యంలో ఉర్దూ మాట్లాడే ప్రజల రాజ్యం ఎంత అనే లెక్క ఆ రాజకీయానికి ముఖ్యం కాలేదు. పార్టీకి దురుద్దేశం ఉందని నేను అనను. వర్గం అనే కొలమానంతో చూసేవాడికి భాష ఒక జాతిగా కనిపిస్తుంది, మతం మాత్రం ఒక మబ్బుగా, తెలవారితే విడిపోయేదిగా కనిపిస్తుంది. తెల్లవారలేదు. మబ్బు కింద ఉన్న మనుషులు మాత్రం తడుస్తూనే ఉన్నారు.

మఖ్దూం ఈ రాజకీయానికి మనస్ఫూర్తిగా చెందినవాడు. చిన్నప్పుడు చిన్నాన్న రష్యా గురించి చెబుతూ, అక్కడ అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తింటారని చెప్పాడట. అక్కడి నుంచి మొదలైంది ఆయన కమ్యూనిజం అంటారు. గమనించండి, విత్తనం ముస్లిం ఇంటి విత్తనమే. ఒకే దస్తర్‌ఖాన్ మీద, ఒకే పళ్ళెంలో చేతులు పెట్టి తినడం మన ఇళ్ళలో పుట్టిన పిల్లవాడికి ఎవరూ బోధించనక్కరలేదు. ఆయన సమసమాజపు కలకు తన ఇంటి భాష, తన ఇంటి వాసన ఉన్నాయి. కానీ ఆ కలను రాజకీయంగా మాట్లాడేటప్పుడు ఆ ఇంటి పేరు చెప్పడానికి ఆ కాలపు నిఘంటువులో మాట లేదు. దళితుడికి ఆ మాట 1980ల తర్వాత దొరికింది. మనకు ఆ తర్వాత, బాబ్రీ కూలాక, దుమ్ములో వెతుక్కుంటే దొరికింది. కాబట్టి మఖ్దూంను "ముస్లింవాది ఎందుకు కాలేదు" అని నిలదీయడం అన్యాయం. మన ప్రశ్న అది కానే కాదు.

మన ప్రశ్న మండలి గురించి.

శాసనసభ సభ్యుడు ఐదేళ్ళకోసారి జనం ముందుకు పోవాలి. ఎండలో నిలబడాలి, వాళ్ళ భాష సగం వచ్చినా మాట్లాడాలి, వాళ్ళ తిట్టు తినాలి. మండలి సభ్యుడికి ఆ బాధ లేదు. ఎమ్మెల్యేలో, స్థానిక సంస్థలో, పట్టభద్రులో, ఉపాధ్యాయులో ఎన్నుకుంటారు. లేకుంటే గవర్నర్ నియమిస్తాడు. మండలి చెడ్డదని కాదు. మఖ్దూం అక్కడ పదకొండేళ్ళు ప్రతిపక్షంలో కూర్చున్నాడు, ఊరికే కూర్చునే మనిషి కాడు. కానీ 1958 నుంచి ఆయనకూ హుజూర్‌నగర్ గొల్లాయనకూ మధ్య ఓటు తెగిపోయింది. ఓటు తెగితే రాకపోకలు తెగుతాయి. రాకపోకలు తెగితే "మీ సాయిబు" ఫోటోలో మిగులుతాడు. పెద్ద సభలో గౌరవంగా ఒక ముస్లిం ముఖం ఉంది, ఎవరికీ ఒక్క ఓటు ఖర్చు కాలేదు. పార్టీలన్నిటికీ నచ్చిన ఈ పద్ధతి అప్పటిదే. టికెట్ అడిగితే "మండలి ఉంది కదా" అంటారు. 1985లో ఎన్టీఆర్ మండలిని రద్దు చేశాడు, 2007లో మళ్ళీ వచ్చింది. మండలి ఉన్నప్పుడు మండలి చూపించారు, లేనప్పుడు వక్ఫ్ బోర్డో, ఉర్దూ అకాడమీయో చూపించారు.

సాహిత్య విమర్శకులు ఈ కాలాన్నే ఇంకో రకంగా చదువుతారు. 'సుర్ఖ్ సవేరా' నాటి నిప్పు ఆరిపోయి, 1961లో వచ్చిన 'గుల్-ఎ-తర్' నాటికి పూలతోటలోకి వచ్చాడని కొందరి ఫిర్యాదు. సభల మెత్తని కుర్చీ కవిని మెత్తబరచిందని లోపలి అర్థం. నేను ఒప్పుకోను. సభలో ఉన్న కాలంలో ఆయన తక్కువ రాశాడు, కానీ ఆయన రాసినవాటిలో మంచివి ఆ కాలానివే. 'చాంద్ తారోఁ కా బన్' ఎత్తుకోండి. స్వాతంత్ర్యానికి ముందు రాత్రి, ఆ తర్వాతి మోసం, ఇంకా నడవవలసిన దారి, ఈ మూడింటి గురించిన పద్యం అది. తెల్లవారిందనుకుని లేచినవాడు కిటికీ తీస్తే ఇంకా చీకటే కనిపించినప్పటి మాట. జైల్లో ఉన్నవాడికంటే, సభలో కూర్చుని ప్రజారాజ్యం ఎంతవరకు వచ్చిందో కళ్ళారా చూస్తున్నవాడికే ఆ గొంతు వస్తుంది. లుముంబా చనిపోతే ఆయన రాసిన పద్యమూ మెత్తబడిన మనిషి రాసేది కాదు. ఆయన కవిత్వంలో చట్టసభ ఒక మాటగా కనిపించదు, ఒక అలసటగా కనిపిస్తుంది. ఆ అలసటను ప్రేమ అలసట అనుకుని మనం పాడుకున్నాం.

పాడుకోవడం అంటే గుర్తొచ్చింది. ఆయన 'చారాగర్' 1964లో 'చా చా చా' సినిమాలో పాటైంది. ఆయన గజల్ ఒకటి 1982లో 'బాజార్' సినిమాలో ఖయ్యాం బాణీలో వచ్చింది. పూల ముచ్చట, రాత్రి ముచ్చట. నగరంలో ఆ పాట రాని పెళ్ళి లేదు. 'బాజార్' దేని గురించిన సినిమా? డబ్బున్న ముసలివాళ్ళకు హైదరాబాద్ పేద ముస్లిం పిల్లలను నిఖా పేరుతో అమ్మడం గురించి. అమ్మకపు కథలో ఆ గజల్ ఒక నిట్టూర్పు. మనం నిట్టూర్పును క్యాసెట్‌లో ఎక్కించుకున్నాం, కథను థియేటర్లో వదిలేశాం. మఖ్దూంకు మనం చేసినదంతా ఇదే పద్ధతిలో చేశాం.

ఇక మజ్లిస్. దాన్ని తిట్టడం చాలా తేలిక. ముఖ్యంగా మనలాంటి చదువుకున్నవాళ్ళకు తిట్టడం ఒక సర్టిఫికెట్. కానీ మఖ్దూం ఖాళీ చేసిన కుర్చీ గురించి మాట్లాడుతూ, వచ్చి కూర్చున్నవాడిని మాత్రమే తిట్టడం న్యాయం కాదు. 1957లో అబ్దుల్ వాహెద్ ఒవైసీ మజ్లిస్‌ను మళ్ళీ లేపినప్పుడు, భయంతో కాంగ్రెస్‌కు ఓటేసిన మనిషికి ఒక ఎమ్మెల్యే కావలసి వచ్చాడు. ఎమ్మెల్యే అంటే ఏమిటి? మా బస్తీల్లో ఎమ్మెల్యే అంటే సిఫారసు చిట్టీ. ఠాణాలో కొడుకును కూర్చోబెడితే రాత్రి పన్నెండింటికి ఫోన్ చేసేవాడు. రేషన్ కార్డు మీద, ఆసుపత్రి కాగితం మీద సంతకం పెట్టేవాడు. ప్రపంచ విప్లవం గురించి మాట్లాడే పార్టీ ఈ సంతకాన్ని చిన్నపని అనుకుంది. మజ్లిస్ పెద్దపని అనుకుంది. గెలిచింది. దానికి మనం చెల్లించిన ధర మాత్రం గోడ. ఈ గల్లీల్లో మీరు, ఆ గల్లీల్లో మేము. 2009 నుంచి ఏడు సీట్లు, అన్నీ నగరంలోనే. 2011 లెక్కల ప్రకారం తెలంగాణలో వందకు పన్నెండు మందికి పైగా ముస్లింలు. 2023 ఎన్నికల్లో 119 స్థానాల్లో గెలిచిన ముస్లింలు ఏడుగురు. ఏడుగురూ మజ్లిస్ వాళ్ళే, ఏడూ ఆ సీట్లే. నల్లగొండలో, ఖమ్మంలో, నిజామాబాద్‌లో, పాలమూరులో ఒక్కరూ లేరు. ఆ డిసెంబర్‌లో ప్రమాణం చేసిన మంత్రివర్గంలోనూ ఒక్కరూ లేరు. 2025 అక్టోబర్ 31న అజహరుద్దీన్‌ను మంత్రిని చేశారు. ప్రమాణం చేసే రోజుకు ఆయన ఏ సభలోనూ సభ్యుడు కాడు.

హుజూర్‌నగర్ ఒక్కసారి జరిగిన వింత అని మీరు అనవచ్చు. కాదు. ఖమ్మం జిల్లా సుజాతనగర్ నుంచి సీపీఐ మహమ్మద్ రజబ్ అలీ 1980లలో, 90లలో మళ్ళీ మళ్ళీ గెలిచాడు. అక్కడి ఓటర్లు ఏం, ఉర్దూ చదువుకున్నవాళ్ళా? కామారెడ్డిలో షబ్బీర్ అలీ, జహీరాబాద్‌లో ఫరీదుద్దీన్ కాంగ్రెస్ నుంచి గెలిచారు. 2014లో, 2018లో బోధన్‌లో షకీల్ టీఆర్ఎస్ నుంచి గెలిచాడు. అంటే ఆ గొల్లాయన చనిపోలేదు. అక్కడక్కడ, అప్పుడప్పుడు, ఎవరో ఒకరిని బండెక్కిస్తూనే ఉన్నాడు. బండి కట్టవలసిన పార్టీలే తక్కువయ్యాయి. పునర్విభజనలో సుజాతనగర్ నియోజకవర్గమే పోయింది, జహీరాబాద్ రిజర్వు అయింది. పోయినవాటికి బదులు ఇంకో చోట ఎందుకు ఇవ్వలేదని అడిగినవాడు లేడు.

మఖ్దూం మాత్రం అందరికీ కావాలి. ట్యాంక్‌బండ్ మీద విగ్రహంగా కావాలి. ప్రతి సెప్టెంబర్ 17కు ఆయన ఇంకా ఎక్కువ కావాలి. అది విమోచనమని ఒకరు, విలీనమని ఒకరు కొట్టుకుంటారు. హిందూ ముస్లిం యుద్ధమని ఒకరు అనగానే, మనవైపు నిలబడే మిత్రులు వెంటనే మఖ్దూంను, షోయబుల్లా ఖాన్‌ను బయటికి తీస్తారు. చూడండి, నిజాంను ఎదిరించిన ముస్లింలు కూడా ఉన్నారు అంటారు. మంచి మాటే. కానీ సాక్షిగా బోను ఎక్కించిన మనిషిని వాంగ్మూలం అయ్యాక ఇంటికి పంపేస్తారు. మఖ్దూం సాక్షి మాత్రమేనా? ఆయన ఒక నియోజకవర్గానికి నుమాయిందా. దస్తావేజులో ఆయన పేరు ఉన్నది సాక్షి సంతకం దగ్గర కాదు, హక్కుదారు దగ్గర. మనం కూడా ఆయన్ని మంచి ముస్లింకు నమూనాగా చూపించుకుని ఇజ్జత్ కాపాడుకుంటున్నాం తప్ప, ఆయన గెలిచిన సీటును అడగడం లేదు.

ఆయన మజార్ నాంపల్లి దగ్గర షా ఖామోష్ దర్గా ఆవరణలో ఉంది. కమ్యూనిస్టు నాయకుడికి దర్గాలో చోటు దొరకడం చూసి కొందరు ముచ్చటపడతారు, కొందరు మూతి విరుస్తారు. నాకు అది మామూలుగానే అనిపిస్తుంది. మా నానా కూడా సంఘం మనిషే, శుక్రవారం నమాజు మానని మనిషే.

2019 అక్టోబర్‌లో హుజూర్‌నగర్‌కు మళ్ళీ ఉప ఎన్నిక వచ్చింది. నాలుగు రోజులు అక్కడే ఉన్నాను. టీఆర్ఎస్, కాంగ్రెస్, బీజేపీ, తెలుగుదేశం పోటీలో ఉన్నాయి. వీటిలో ఒక్క పార్టీ కూడా ముస్లింను నిలబెట్టలేదు. మఖ్దూం పార్టీ అసలు పోటీ చేయలేదు. మొదట టీఆర్ఎస్‌కు మద్దతు ప్రకటించింది, ఆర్టీసీ సమ్మె వచ్చాక ఆ మద్దతు వెనక్కి తీసుకుంది. నానా వాళ్ళ ఊరికి కూడా వెళ్ళాను. తురక ఇళ్ళు మూడూ ఇప్పుడు లేవు, అందరూ మిర్యాలగూడకో హైదరాబాద్‌కో పోయారు. టీకొట్టు దగ్గర పార్టీ కండువాలతో కుర్రాళ్ళు కూర్చున్నారు. ఇక్కడి నుంచి ఒకప్పుడు మఖ్దూం అనే ఆయన గెలిచాడు, ఎప్పుడైనా విన్నారా అని అడిగాను. ఒకడు ఫోన్ లోంచి తల ఎత్తకుండా, "మఖ్దూం భవన్ తెలుసన్నా, హైదరాబాద్‌ల. బస్‌స్టాప్ పేరు గదా" అన్నాడు.